పక్కన ఎవరన్నా కూర్చోనుంటే

మద్రాసులో కాపురం ఉండే సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు వాళ్ళ ఇళ్ళకి ఒక రకం ఫోన్లు వస్తుంటాయి. "అడయారుకి రాసిచ్చారు పాపా, మీ ఇంట్లో ఓ నాలుగు రోజులు ఉండేదానికి కుదురుద్దా?" అని. మా వైపు అడయారు అంటే పేట పేరని ఎవరూ అనుకోరు, క్యాన్సర్ ఆసుపత్రి అనే అర్థం. 2019 జూన్‌లో అలాంటి ఫోన్ మా బాబాయి చేశాడు. జబ్బు మా పిన్నికి, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్. అమ్మ కంటే 9 ఏళ్ళు చిన్నది, చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పిన మనిషి, అప్పటికి ఆమెకి 51.

నాలుగు రోజులన్నది ఏడు వారాలైంది. మాది పెరంబూరులో రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వరండా, ఆ వరండాలో మంచం వేశాం. ఆ ఏడాది మద్రాసులో నీళ్ళకి ఎంత కటకటలాడామో ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. లారీ రెండు రోజులకోసారి వచ్చేది, ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. పిన్నికేమో రక్తం, నీరు ఆగకుండా పోతుండేది, రోజుకి నాలుగైదుసార్లు బట్ట మార్చుకోవాలి. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి చప్పుడైతే లేచి చూశాను, బాత్రూంలో ఒక్క చెంబు నీళ్ళతో మరకల బట్టలు పిండుకుంటోంది. "మీకు నీళ్ళు సరిపోవు గదా పాపా, అందుకే తక్కువతో కానిచ్చేస్తున్నా" అంది. అప్పటికి ఆమెకి హిమోగ్లోబిన్ 7. గోడ పట్టుకుని నిలబడుంది.

ఇంతకీ ఇదంతా ఒక్కరోజులో వచ్చింది కాదు. రెండేళ్ళుగా తెల్లబట్ట అవుతోంది, వాసన కూడా. ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ మరకలు కనిపించడం మొదలైంది. బాబాయితో కలిసిన మర్నాడు రక్తం కనబడేదని కూడా చెప్పింది గానీ, అది చాలా రోజుల తర్వాత, రాత్రి లైటు ఆపేశాక, నా వైపు తిరక్కుండా చెప్పింది. వాళ్ళ ఊరి వైపు ఒక నర్సింగ్ హోమ్‌కి 14 నెలల్లో 6 సార్లు వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ ఒక కోర్సు మాత్రలు, ఒక టానిక్, "ముట్లుడిగే వయసులో ఇలాగే ఉంటుందిలే అమ్మా" అనే మాట. ఒక్కసారంటే ఒక్కసారి కూడా బల్ల మీద పడుకోబెట్టి లోపల ఎలా ఉందో చూడలేదు. ఆరోసారి వెళ్తే గర్భసంచి తీసేద్దామన్నారు, అడ్వాన్స్ కూడా కట్టించుకున్నారు. ఆపరేషన్‌కి ముందు స్కానింగ్ తీసినాయన అనుమానపడి "ఇది ఇక్కడ కోయించుకోవద్దమ్మా, అడయారు పో" అన్నాడు గనక సరిపోయింది. క్యాన్సర్ ఉందని తెలియకుండా మామూలుగా గర్భసంచి తీసేస్తే, జబ్బు చుట్టుపక్కల మిగిలిపోయి తర్వాతి వైద్యం ఇంకా కష్టమవుతుందట. ఆయనెవరో నాకు తెలీదు గానీ, ఆయన్ని తలుచుకోని వారం లేదు.

గర్భసంచి సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. మన ఊళ్ళలో 35, 40 ఏళ్ళకే గర్భసంచి తీయించేసుకున్న ఆడవాళ్ళు వీధికి ఎంతమంది ఉంటారో మీకూ తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో చూసినా ఈ ఆపరేషన్లలో ఆంధ్ర, తెలంగాణ దేశంలోనే ముందు వరసలో ఉంటాయి. అడిగితే "తెల్లబట్ట అవుతుంటే క్యాన్సర్‌కి తిరుగుద్దని తీసేశారు" అంటారు. ఆ భయం పెట్టినవాళ్ళెవరూ గర్భాశయ ముఖద్వారాన్ని చూసే రెండు నిమిషాల పరీక్ష ఒకటుందని మాత్రం చెప్పరు. అదే సర్వే 2019-21లో లెక్క తీస్తే, 30 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. అవయవాన్నే తీయించేసుకోవడానికి ఒప్పుకుంటున్నాం, దాన్ని చూపించుకోవడానికి మాత్రం ఒప్పుకోవడం లేదు. నాకు ఇది తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

పిన్నిది 2బీ స్టేజి అన్నారు. అంటే గర్భాశయ ముఖద్వారం దాటి పక్కనున్న కణజాలంలోకి పాకింది, కోసి తీసే దశ దాటిపోయింది. వారానికి ఐదు రోజుల చొప్పున 25 సార్లు కరెంటు, వారానికొకసారి కీమో, ఆ తర్వాత లోపల గొట్టాలు పెట్టి ఇచ్చే కరెంటు. రేడియేషన్‌ని మా వాళ్ళందరూ కరెంటు పెట్టడం అనే అంటారు, అడయారు హాల్లో కూర్చుంటే "నీకెన్ని కరెంట్లయినాయి వదినా" అనే మాటే చెవిన పడుతుంటుంది. నెల్లూరు, చిత్తూరు, కడప, కర్నూలు, ఎక్కడెక్కడి తెలుగో వినిపిస్తుంది అక్కడ. ఆ ఆసుపత్రిని 1954లో 12 పడకలతో మొదలుపెట్టింది డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి, సొంత చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన బాధలోంచి. ఆ హాల్లో మా పిన్ని పక్కన కూర్చున్నప్పుడు నాకు ఆ సంగతి తరచూ గుర్తొచ్చేది.

పొద్దున్నే పెరంబూరులో 29సి బస్సెక్కి వెళ్ళేవాళ్ళం, వచ్చేటప్పుడు ఆమెకి ఓపిక ఉండేది కాదు కాబట్టి ఆటో. బస్సు దాదాపు గంటన్నర. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వస్తోంది, దాదాపు 80,000 మంది చనిపోతున్నారు. ఏడు నిమిషాలు కూడా గడవకముందే ఒకరు. మేము పెరంబూరులో బస్సెక్కి అడయారులో దిగేలోపు పదమూడు మంది. ఈ లెక్క నేను వేసుకున్నది చాలా తర్వాత. అప్పుడైతే కిటికీ పక్క సీటు దొరికితే చాలు, పిన్ని వాంతి చేసుకోకుండా ఉంటే చాలు అన్నట్టుండేది.

మూడో వారంలో అనుకుంటా, అక్కడి కుర్ర డాక్టరమ్మ, తమిళమ్మాయే గానీ తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేది, ఫైలు రాస్తూ రాస్తూ "పదేళ్ళ ముందే కనిపించి ఉండేదమ్మా ఇది" అంది. మామూలుగా అన్న మాటే. పిన్ని వినలేదు, నేను విన్నాను. పదేళ్ళ ముందంటే ఆమెకి 41, కొడుకు పదో తరగతి, నెలకోసారి మా ఇంటికి వచ్చి టీనగర్ తిరిగి చీరలు కొనుక్కునే రోజులు. అప్పుడే ఉందా ఇది లోపల!

ఉంటుందట. తర్వాత నేను చదివి, అడిగి తెలుసుకున్నది మీకు తెలిసిన మాటల్లో చెప్తాను. ఈ క్యాన్సర్ దాదాపు ప్రతి కేసులోనూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. ఆ సంగతి కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. హెచ్‌పీవీలో వందకి పైగా రకాలున్నాయి, అందులో 16, 18 అనే రెండు రకాలే నూటికి సుమారు 70 కేసులకి కారణం. కాపురం చేసే ఆడా మగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, మనకి తెలియను కూడా తెలియదు, నొప్పి ఉండదు, జ్వరం రాదు. పదిమందిలో తొమ్మిదిమందికి ఒకటి రెండేళ్ళలో ఒంట్లోని శక్తే దాన్ని వెళ్ళగొట్టేస్తుంది. మిగిలిన ఆ ఒక్కరిలో అది తిష్ట వేసుకుని కూర్చుంటే, ముఖద్వారం దగ్గరి కణాలు మెల్లగా మారడం మొదలుపెడతాయి. ఆ మార్పు క్యాన్సర్‌గా తేలడానికి 15, 20 ఏళ్ళు పడుతుంది, హెచ్‌ఐవీలాంటివి ఉండి ఒంట్లో నిరోధకశక్తి తగ్గినవాళ్ళకైతే 5, 10 ఏళ్ళే. అన్నేళ్ళపాటు అది అక్కడ పైపైనే ఉంటుంది, చూస్తే కనబడుతుంది, కనబడితే తీసేయొచ్చు. ఇంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు ఎన్నో లేవు.

వైరస్ అనగానే మా బంధువుల్లో ఒకావిడకి ఎక్కడో వినబడింది, "అది సంబంధాల వల్ల వచ్చేదంట కదా" అని. ఆ మాట ఊళ్ళో తిరిగి తిరిగి పిన్ని దాకా వచ్చింది. చికిత్స సగంలో ఉంది, అన్నం సయించడం లేదు, పైన ఇది. రెండు రోజులు బాబాయితో మాట్లాడలేదు. ఆయన ముఖం చూస్తే ఆయన కూడా ఏదో నేరం చేసినవాడిలా వరండా మెట్ల మీద కూర్చున్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ డాక్టరమ్మ చెప్పిన మాటే మళ్ళీ చెప్పాను: ఒకే మనిషితో జీవితమంతా కాపురం చేసినవాళ్ళకీ వస్తుంది, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఇరవై ఏళ్ళ కిందో ముప్పై ఏళ్ళ కిందో ఎవరూ చెప్పలేరు, జలుబు ఎవరి దగ్గర అంటిందని వెతుక్కుంటామా. పిన్ని అప్పుడు ఏమీ అనలేదు. సాయంత్రం బాబాయికి ఇష్టమని చింతపండు చారు పెట్టమంది. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా ఆ "సంబంధాలు" అనే మాట ఎప్పుడైనా అని ఉంటే దయచేసి ఇంకెప్పుడూ అనకండి. ఆ ఒక్క మాటకి భయపడే మన ఆడవాళ్ళు పరీక్ష గది గుమ్మం తొక్కడం లేదు.

ఇంత దగ్గర్నుంచి చూశాక నేను వెంటనే వెళ్ళి పరీక్ష చేయించుకుని ఉంటానని మీరు అనుకుంటారు. లేదు. ఏడాదికి పైగా వెళ్ళలేదు. నెంబరు ఉంది, డబ్బులున్నాయి, గిండీలో మా ఆఫీసుకి నాలుగు వీధుల అవతలే ఆసుపత్రి ఉంది. ఈ వారం కాదు, ముట్టు వచ్చేలా ఉంది, ఆడిటింగ్ ఉంది, తర్వాత కరోనా వచ్చింది. చివరికి మా అకౌంట్స్ సెక్షన్‌లో పక్క సీటు ఆవిడ, తమిళావిడ, నాకంటే పెద్దది, ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక "నేను వెళ్తున్నా, నువ్వూ రా" అని బ్యాగు తగిలించుకుని నిలబడింది. ఆమె రాకపోతే ఇప్పటికీ వెళ్ళేదాన్ని కాదేమో.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. తెర వెనక రెక్సిన్ బల్ల. నడుము కింద బట్టలు తీసి, మీద దుప్పటి కప్పుకుని, మోకాళ్ళు మడిచి పడుకోవాలి. డాక్టరు కూడా ఆడమనిషే, కావాలంటే ఆడ డాక్టరే చూడాలని ముందే అడగొచ్చు. బాతు ముక్కులాంటి ప్లాస్టిక్ పరికరం ఒకటి లోపల పెట్టి కొంచెం తెరుస్తారు, అప్పుడు చల్లగా, బిగుతుగా అనిపిస్తుంది. "ఊపిరి వదలండి, పిరుదులు బిగించకండి" అంది. ఊపిరి వదిలితే నిజంగానే ఆ బిగుతు సగం తగ్గింది. తర్వాత చిన్న బ్రష్‌ని ముఖద్వారం మీద గుండ్రంగా తిప్పి, మందు ఉన్న సీసాలో ముంచేసింది. ముట్టు నొప్పిలాంటిది ఒక్క క్షణం కలుక్కుమంది. నేను పైకప్పు ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూస్తుండగానే "అయిపోయింది, లేవండి" అన్నారు. రెండు నిమిషాలు పట్టిందో లేదో. నాలుగు చుక్కల రక్తం కనిపించొచ్చన్నారు, నాకు కనిపించలేదు. ముట్టులో ఉన్నప్పుడు వెళ్ళకూడదు, రెండు రోజుల ముందు నుంచి లోపల మందులు పెట్టుకోకూడదు, కలవకూడదు. ఇంతే నియమాలు.

రిపోర్టులో హెచ్‌పీవీ పాజిటివ్ అని వచ్చింది. చదవగానే కాళ్ళు ఆడలేదు, పిన్ని మంచం కళ్ళ ముందుకొచ్చింది. డాక్టరు చెప్పింది ఏమిటంటే, 16, 18 రకాలు కావు, పాప్ స్మియర్, అంటే ముఖద్వారం కణాల్ని చూసే పరీక్ష, మామూలుగానే ఉంది, అంటే వైరస్ ఉంది గానీ కణాలు చెడలేదు, ఏడాది తర్వాత మళ్ళీ చూద్దాం అని. ఆ ఏడాది టెన్షన్ పడ్డమాట నిజం. మళ్ళీ చేయిస్తే నెగెటివ్. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. 30 దాటిన ఆడవాళ్ళకి హెచ్‌పీవీ పరీక్ష ఒకసారి నెగెటివ్ వస్తే మళ్ళీ 5 ఏళ్ళ దాకా అక్కర్లేదు. పాప్ స్మియర్ ఒక్కటే అయితే 3 ఏళ్ళకోసారి.

డబ్బులు లేవు, పెద్ద ఆసుపత్రి దూరం అనేవాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది. వెనిగర్‌లో ఉండే ఆ పుల్లటి యాసిడ్‌నే నీళ్ళలో కలిపి దూదితో ముఖద్వారం మీద అద్ది ఒక నిమిషం ఆగుతారు. చెడిన చోట తెల్లగా మచ్చలా తేలుతుంది. వీఐఏ అంటారు దీన్ని, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 30 దాటినవాళ్ళకి చేస్తారు. ఇదేదో పేదవాళ్ళకి పెట్టిన తూతూమంత్రం పరీక్ష అనుకోవద్దు. ఇదే తమిళనాడులో దిండిగల్ జిల్లా పల్లెల్లో, శిక్షణ ఇచ్చిన నర్సులే ఈ పరీక్ష చేసి, మచ్చ కనిపించినవాళ్ళకి చికిత్స ఇస్తే ఈ క్యాన్సర్ చావులు 35 శాతం తగ్గాయని 2007లో తేల్చారు. ముట్లు ఆగిపోయినవాళ్ళకి మాత్రం ఇది సరిగ్గా పట్టివ్వదు, వాళ్ళకి హెచ్‌పీవీ పరీక్షో పాప్ స్మియరో చేయాలి.

మా కింది వాటాలో చిత్తూరు అక్క ఒకావిడ ఉంటారు, 44 ఏళ్ళు, టైలరింగ్ చేస్తారు. నా సంగతి విని "నాకేం లేదులే, బాగానే ఉన్నాగా" అంటూ ఏడాది దాటేశారు. నేనే ఆఫీసుకి సెలవు పెట్టి వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆవిడకి మచ్చ తేలింది. పక్కన కాల్పోస్కోపీ అని ఇంకాస్త పెద్దది చేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ముందు దశ మార్పులే, క్యాన్సర్ కాదు. వేడి చేసిన చిన్న మొనలాంటిది పెట్టి ఆ భాగాన్ని కాల్చేశారు, పావుగంట పని. వచ్చేటప్పుడు ఆటోలో ఎక్కి ఇంటికొచ్చి, మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ మిషను తొక్కుతున్నారు. కింద నుంచి ఆ మిషను చప్పుడు వింటూ నేను వరండాలో నిలబడిపోయాను. పిన్ని ఏడు వారాలు పడుకుంది ఆ వరండాలోనే.

ఇక హెచ్‌పీవీ టీకా. మా పాపకి 2024లో 12 నిండాయి. టీకా వేయిద్దామంటే మా అత్తగారు ససేమిరా అన్నారు. ఆవిడది కొత్తగూడెం. "మా దగ్గర ఈ సూదులే వేశారమ్మా, పిల్లలు చచ్చిపోయారు, నాకు చెప్పకు" అన్నారు. నేను మొదట వాట్సాప్ కథ అనుకున్నాను. కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ఒక పరిశీలన కింద ఈ టీకా వేశారు. చాలామంది హాస్టళ్ళలో చదువుకునే గిరిజన పిల్లలు. తర్వాత అక్కడ ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు చనిపోయారని గొడవైంది, 2010 ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపించేసింది. విచారణలో ఆ చావులకి టీకా కారణం కాదని తేలింది, ఒకరిది పాము కాటు, ఒకరు నీళ్ళలో పడ్డారు, పురుగుల మందు తాగిన పిల్లలున్నారు. కానీ అదే విచారణలో ఇంకోటి కూడా బయటపడింది: చాలామంది పిల్లల అమ్మానాన్నల్ని అడగనే లేదు, హాస్టల్ వార్డెన్లే ఒప్పుకోలు కాగితాల మీద సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు కమిటీ దీన్ని గట్టిగా తప్పు పట్టింది.

అందుకని అత్తగారితో నేను "మీకేం తెలీదు" అనలేదు. అనే హక్కు నాకు లేదు. పిల్లకి సూది వేసే ముందు తల్లిని అడగకపోవడం తప్పే అత్తయ్యా, మీ కోపం న్యాయమే అన్నాను. సూది వేరు, వేసిన పద్ధతి వేరు అని ఆవిడకి అర్థం కావడానికి నాలుగైదు నెలలు పట్టింది, పట్టనీ.

ఆ గొడవలోంచే ఎవరూ అనుకోని ఫలితం ఒకటి వచ్చింది. అదే సమయంలో మన దేశంలోనే ఇంకో అధ్యయనం నడుస్తోంది, ఈ టీకా మూడు డోసులు కావాలా, రెండు చాలా అని చూసేది. ఖమ్మం గొడవతో దాన్నీ మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. దాంతో దాదాపు 5,000 మంది ఆడపిల్లలకి ఒక్క డోసుతోనే ఆగిపోయింది. పరిశోధకులు వాళ్ళని వదిలేయకుండా పదేళ్ళు గమనిస్తూ వచ్చారు. 2021లో చూస్తే, 16, 18 రకాలు ఒంట్లో తిష్ట వేయకుండా ఆ ఒక్క డోసే 95 శాతం కాపాడింది, రెండు మూడు డోసులు వేసుకున్నవాళ్ళకి ఏమాత్రం తీసిపోకుండా. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలనుకునే దేశాలు అలా వేసుకోవచ్చని చెప్పడం వెనకున్న ఆధారాల్లో మన పిల్లలది పెద్ద చెయ్యి. అత్తగారికి ఇది చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. "ఆ పిల్లలకి ఎవరన్నా చెప్పారా ఈ సంగతి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మేము మన పూణేలో తయారయ్యే సెర్వావాక్ వేయించాం, 2023లో వచ్చింది అది. డోసుకి రెండు వేల చిల్లర అయింది. 15 ఏళ్ళ లోపు పిల్లలకి ఆరు నెలల తేడాతో రెండు డోసులని మా డాక్టరు అన్నారు, మే సెలవుల్లో ఒకటి, నవంబరులో ఒకటి. 15 దాటితే మూడు. ఇందులో బతికున్న వైరస్ ఉండదు, దాని పైపెంకు లాంటిది మాత్రమే ఉంటుంది, అందుకని జబ్బు అంటదు. పాప ఎడమ చేతికి వేశారు, కళ్ళు తిరుగుతాయేమోనని పావుగంట కూర్చోబెట్టారు, రెండు రోజులు చెయ్యి నొప్పి పుట్టింది. "నాకెందుకమ్మా ఇది?" అంది. సూళ్ళూరుపేట అమ్మమ్మకి వచ్చిన జబ్బు నీకు రాకుండా అన్నాను. ఇంకేమీ అడక్కుండా రోజ్ మిల్క్ కొనిపెట్టమంది.

ఈ వయసులోనే ఎందుకంటే, వైరస్ తగిలే అవకాశం రాకముందు వేస్తేనే టీకా పూర్తిగా పనిచేస్తుంది, తగిలాక దాన్ని పోగొట్టలేదు. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్ళకి వేసిన ఆడపిల్లల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిపోయింది. స్కాట్లాండ్‌లో ఆ వయసులో పూర్తిగా వేయించుకున్నవాళ్ళలో ఒక్క కేసూ కనబడలేదని 2024లో ప్రకటించారు. తమిళనాడు ప్రభుత్వం కూడా 14 ఏళ్ళ ఆడపిల్లలకి దశలవారీగా వేయడానికి 2025 బడ్జెట్‌లో 36 కోట్లు పెట్టింది. మీ పిల్లల బడిలో కాగితం ఇస్తే చదివి, అడగాల్సినవి అడిగి, మీరే సంతకం పెట్టండి. మగపిల్లలకీ వేయించొచ్చు. టీకా అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు కాబట్టి, వేయించుకున్న పిల్లయినా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

పిన్ని బాగానే ఉంది. ఆరేళ్ళయింది. కారం ఎక్కువైతే పేగులు తట్టుకోవు, దూర ప్రయాణమంటే ముందు బాత్రూం ఎక్కడుందని చూసుకుంటుంది, బాబాయి ఆమె పక్కన పడుకోవడం మానేసి చాలా రోజులైందని అమ్మతో చెప్పిందట. బతకడం అంటే ఇవన్నీ కూడా. పోయిన నెల చెకప్‌కి వచ్చినప్పుడు సాయంత్రం మూర్ మార్కెట్ స్టేషన్‌లో సూళ్ళూరుపేట లోకల్ ఎక్కించడానికి వెళ్ళాను. బండి ఇంకా రాలేదు, బెంచీ మీద కూర్చున్నాం. ఈ టీకాలు, పరీక్షలు, నేను అందరికీ చెప్తున్న సంగతులు చెప్తుంటే విని విని, "పదేళ్ళ ముందు నాకెవరన్నా చెప్పుంటే చేయించుకునేదాన్నంటావా పాపా?" అంది. నేను ఏమనాలో తోచక ఊరుకున్నాను. ఆమే అంది, "చేయించుకునేదాన్ని కాదు. సిగ్గు. పక్కన ఎవరన్నా కూర్చోనుంటే చేయించుకునేదాన్ని."

అప్పటిదాకా నేను చాలామందికి చెప్పాను, మెసేజీలు పెట్టాను, లింకులు పంపాను. పిన్ని ఆ మాట అన్నాక లెక్క చూసుకుంటే, నేను చెప్పినవాళ్ళలో నిజంగా వెళ్ళినవాళ్ళు ఇద్దరే. ఇద్దరి వెంటా నేను వెళ్ళాను. అందుకే ఇది చదివిన మిమ్మల్ని అడుగుతున్నది ఒక్కటే, ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి వదిలేయకండి. మీ అక్కో, వదినో, పక్కింటావిడో, ఎవరో ఒక్కరి పేరు అనుకోండి, ఒక పూట సెలవు పెట్టి ఆమెతో వెళ్ళి ఆ తెర బయట కుర్చీలో కూర్చోండి.

నా వంతు ఈసారి అమ్మ. 66 ఏళ్ళు, ఇంతవరకూ ఎప్పుడూ చేయించుకోలేదు. ఈ వయసులో నాకెందుకే అని మూడు నెలలుగా అంటోంది. ఒక్కసారి కూడా చేయించుకోనివాళ్ళకి ఈ వయసులోనైనా ఒకసారి చూడటం మంచిదని డాక్టరు అన్నారు. మొన్న గూడూరు నుంచి వచ్చింది, శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి అపాయింట్‌మెంట్. రాత్రి గిన్నెలు సర్దుతుంటే వెనక నుంచి వచ్చి నిలబడి, గొంతు తగ్గించి, "చీర కట్టుకుని రానా, నైటీ మీద దుపట్టా వేసుకుని రానా, ఏదైతే తేలిక?" అని అడిగింది.

చీరే కట్టుకోమ్మా, పైకి జరుపుకుంటే చాలు, విప్పే పని ఉండదు అన్నాను. సరేనని వెళ్ళి, ఆ లేత పసుపు నూలు చీర తీసి ఇస్త్రీకి పెట్టింది.